రిపోర్టుకూ కుటుంబానికీ నడుమ: జెనెటిక్ కౌన్సెలర్ చదువు



ఈ స్మారకోపన్యాసం ఏర్పాటు చేసే నిధి ఎవరి స్మృతిలో ఏర్పడిందో ఆ మాస్టారు జిల్లా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పారు. మెండెల్ సూత్రాలను బఠానీ మొక్కల దగ్గరే వదిలేయకుండా, ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లల ఇళ్ళ దాకా తీసుకొచ్చేవారని ఆయన శిష్యులు ఈ రోజుకీ చెప్పుకుంటారు. ఆయన పేరిట మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు నాకు తట్టిన విషయం ఒక్కటే. జన్యుశాస్త్రాన్ని మనుషుల ఇళ్ళ దాకా తీసుకెళ్ళడాన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళను ఎలా తయారుచేస్తారు? వాళ్ళకు ఏం నేర్పుతారు? మన దగ్గర అలాంటివాళ్ళు తయారుకావాలంటే ఏం చేయాలి? పిల్లల వైద్యురాలిగా ప్రభుత్వాసుపత్రిలోనూ, తర్వాత జన్యువ్యాధుల ఓపీలోనూ పనిచేసిన మనిషిని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు పుస్తకంలోంచి వచ్చినవి కావు.

ముందు ఆ అవసరం ఎక్కడ పుడుతుందో చెబుతాను. ఆరు నెలల బిడ్డ మెడ నిలబెట్టడం లేదు. కాళ్ళు ఆడించడం లేదు. కళ్ళు మాత్రం చురుగ్గా తిరుగుతుంటాయి. తల్లిదండ్రులు నలుగురు డాక్టర్లను చూశాక ఎవరో రక్తపరీక్ష రాస్తారు. మూడు నాలుగు వారాలకు రిపోర్టు వస్తుంది. అందులో జన్యువు పేరు, కొన్ని అంకెలు, ‘పేథోజెనిక్’ అనే మాట, కింద సన్నటి అక్షరాల్లో ‘జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవలసిందిగా సూచన’ అనే వాక్యం ఉంటాయి. ప్రతి ల్యాబు రిపోర్టు చివరా ఆ వాక్యం ఉంటుంది. ఎక్కడ తీసుకోవాలో, ఎవరి దగ్గర తీసుకోవాలో ఉండదు. ఓపీలో డాక్టరుకు ఒక్కో కుటుంబానికి దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో జబ్బు పేరు చెప్పగలరు, మందు ఉందో లేదో చెప్పగలరు. కానీ తల్లి అడగాలనుకున్నవి వేరే ఉంటాయి. ఇది నావల్ల వచ్చిందా? మళ్ళీ బిడ్డను కంటే ఇలాగే పుడతాడా? మా చెల్లెలికి పెళ్ళి కుదిరింది, వాళ్ళకు చెప్పాలా? ఈ ప్రశ్నల దగ్గర ఆగి కూర్చోవడానికి చదువుకున్న మనిషే జెనెటిక్ కౌన్సెలర్.

ఈ వృత్తికి పేరు పెట్టింది షెల్డన్ రీడ్. 1947లో ఆయన అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు డైట్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా చేరాడు. ఆ సంస్థ చార్లెస్ డైట్ అనే వైద్యుడు రాసిచ్చిన ఆస్తితో మొదలైంది. డైట్ యూజెనిక్స్‌ను గట్టిగా నమ్మినవాడు. మేలుజాతి మనుషులే పిల్లల్ని కనాలి, తక్కినవాళ్ళను కననివ్వకూడదు అన్నదే ఆ సిద్ధాంతం. అప్పటికే ఆ పేరు మీద ఎంత ఘోరం జరిగిందో లోకం చూసింది. అమెరికాలోనే 1927లో సుప్రీంకోర్టు ఒక రాష్ట్రం చేసిన నిర్బంధ వంధ్యీకరణ చట్టాన్ని సమర్థించింది. 1933లో జర్మనీలో నాజీలు అలాంటి చట్టమే తెచ్చి లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. ఆ నీడ పడని పేరు కావాలని వెతికి రీడ్ ‘జెనెటిక్ కౌన్సెలింగ్’ అన్నాడు. సమాజం మేలుకోసమని కుటుంబం మీద పెత్తనం చేయకుండా, కుటుంబం మేలుకోసం మాట్లాడాలన్నది ఆయన పట్టుదల. మీరు పిల్లల్ని కనండి, కనొద్దు అని కౌన్సెలర్ చెప్పకూడదన్న నియమం ఈ వృత్తిలో ఎందుకంత లోతుగా నాటుకుందో తెలియాలంటే ఈ చరిత్ర తెలియాలి. మర్యాదకోసం పెట్టుకున్న నియమం కాదది. దాని వెనక ఆపరేషన్ బల్లలు ఉన్నాయి.

పేరు వచ్చిన ఇరవై రెండేళ్ళకు గానీ చదువు రాలేదు. ఈలోగా శాస్త్రం వేగంగా కదిలింది. మనిషి క్రోమోజోములు 46 అని 1956లో తేలింది. డౌన్ సిండ్రోముకు 21వ క్రోమోజోము అదనంగా ఉండటం కారణమని 1959లో ఫ్రాన్సులో లెజూన్ బృందం చెప్పింది. ఉమ్మనీటిలోని కణాలను పెంచి కడుపులో బిడ్డ క్రోమోజోములను చూడొచ్చని 1966లో రుజువైంది. దాంతో డాక్టర్ల గదుల ముందు గర్భిణులు బారులు కట్టారు. వాళ్ళతో గంటసేపు కూర్చుని మాట్లాడే మనిషి లేరు.

ఆ ఖాళీని చూసిన వ్యక్తి మెలిస్సా రిక్టర్. న్యూయార్కు దగ్గర బ్రాంక్స్‌విల్‌లో సారా లారెన్స్ కాలేజీ ఉంది. చిన్న కాలేజీ. మెడికల్ కాలేజీ కాదు, దానికంటూ ఆసుపత్రి లేదు. అప్పటికి కొద్దికాలం ముందు వరకూ అది ఆడపిల్లలకే పరిమితం. పెళ్ళయి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ చదువుకోవాలనుకునే స్త్రీలకోసం ఏదైనా కొత్త దారి వేయాలని రిక్టర్ ఆలోచించేది. 1969లో ఆమె అక్కడ మొదలుపెట్టిన కోర్సే ప్రపంచంలో మొదటి జెనెటిక్ కౌన్సెలింగ్ మాస్టర్స్. మొదటి బ్యాచి 1971లో బయటికొచ్చింది. 1972లో జోన్ మార్క్స్ బాధ్యత తీసుకుంది. ఆమె జన్యుశాస్త్రవేత్త కాదు, మానసిక రోగులతో పనిచేసిన సోషల్ వర్కర్. 1998 దాకా ఆ కోర్సును నడిపింది ఆమే. ఈ వృత్తి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం. కోర్సు సైన్సు వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయి ఉంటే, బాగా లెక్కలు చెప్పగల టెక్నీషియన్లు తయారయ్యేవారు. మార్క్స్ చేతిలో పడటం వల్ల, ఎదుటి మనిషి ఏడుస్తున్నప్పుడు లెక్క ఆపాలని తెలిసినవాళ్ళు తయారయ్యారు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1979లో అమెరికాలో కౌన్సెలర్ల జాతీయ సంఘం ఏర్పడింది. 1993లో వాళ్ళకంటూ పరీక్ష పెట్టే బోర్డు వచ్చింది. బ్రిటన్‌లో మొదటి ఎమ్మెస్సీ 1992లో మాంచెస్టర్‌లో మొదలైంది. ఇవాళ అమెరికా, కెనడాల్లో గుర్తింపు పొందిన కోర్సులు యాభైకి పైనే. సీట్లు మాత్రం తక్కువ, పోటీ ఎక్కువ. 2018 నుంచి మన సీట్ల కౌన్సెలింగులోలాగా విద్యార్థి తన ఇష్టాల జాబితా, కాలేజీలు తమ జాబితా ఇస్తే కంప్యూటరు జత కలిపే పద్ధతి పెట్టారు. దరఖాస్తు చేసుకునే పిల్లల దగ్గర జీవశాస్త్రం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం మార్కులతోపాటు ఇంకొకటి కూడా చూస్తారు. ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైనులోనో, వికలాంగ పిల్లల బడిలోనో కొంతకాలం పనిచేశారా అని. మన ఎంట్రన్సు పరీక్షల అలవాటుకు ఇది వింతగా ఉంటుంది. నాకు మాత్రం చాలా సబబుగా అనిపిస్తుంది.

సరే, ఈ రెండేళ్ళ కోర్సులో ఏం చదువుతారు? పిండం ఎదిగే తీరు, క్రోమోజోముల జబ్బులు, జీవక్రియల జబ్బులు, కుటుంబాల్లో నడిచే కేన్సర్లు, ల్యాబులో పరీక్ష ఎలా చేస్తారు, ఏ పరీక్ష ఏం పట్టుకోలేదు, ఇవన్నీ ఉంటాయి. జన్యువులో కనిపించిన మార్పును ఐదు తరగతుల్లో ఒకదానిలో పెట్టాలని 2015లో అమెరికా వైద్య జన్యుశాస్త్రవేత్తలు నియమావళి రాశారు. ఒక చివర జబ్బు తెచ్చేది, మరో చివర హాని చేయనిది. మధ్యలో ‘ఏమో ఇప్పుడే చెప్పలేం’ అనే తరగతి. ఆ మధ్య తరగతిని కుటుంబానికి వివరించడం అన్నిటికన్నా కష్టం. వేలకు వేలు పోసి చేయించిన పరీక్షలో ‘చెప్పలేం’ అని వస్తే, ఆ తండ్రి మొహంలోకి చూస్తూ ఆ మాట చెప్పాలి. అదీ మోసం కాదని, దాచడం కాదని, రేపు తెలిసే అవకాశం ఉందని నమ్మకం కలిగేలా చెప్పాలి. దానిమీద భరోసా పెట్టుకుని గర్భం విషయంలో పెద్ద నిర్ణయం తీసుకోవద్దని కూడా చెప్పాలి.

లెక్క ఒకటి చూపిస్తాను, మాస్టారికి ఇష్టమయ్యేది. కండరాలు క్షీణించే డుషెన్ జబ్బు ఎక్స్ క్రోమోజోము మీద నడుస్తుంది. ఒకామె తల్లి ఆ జబ్బుకు వాహకురాలని, అంటే జన్యువులో ఆ లోపాన్ని మోస్తోందని, ఖాయంగా తెలుసు. తమ్ముడికీ మేనమామకీ ఆ జబ్బు ఉంది. కాబట్టి ఈమె కూడా వాహకురాలయ్యే అవకాశం సగానికి సగం. కానీ ఈమెకు ముగ్గురు మగపిల్లలు, ముగ్గురూ చక్కగా ఉన్నారు. వాహకురాలైతే ఒక్కో కొడుకు జబ్బు లేకుండా పుట్టే అవకాశం సగం. ముగ్గురూ అలా పుట్టే అవకాశం ఎనిమిదో వంతు. సగంలో ఎనిమిదో వంతు అంటే పదహారో వంతు. వాహకురాలు కాకపోతే ముగ్గురూ బాగుండటం మామూలే, ఆ పక్క సగం అలాగే ఉంటుంది, అంటే పదహారింట ఎనిమిది వంతులు. ఒకటి, ఎనిమిది కలిపితే తొమ్మిది. ఈమె వాహకురాలయ్యే అవకాశం తొమ్మిదింట ఒకటి. సగం అనుకుని వచ్చిన మనిషి తొమ్మిదో వంతు అని విని వెళుతుంది. విద్యార్థి ఈ లెక్కను నిద్రలో లేపి అడిగినా చేయాలి.

అయితే చదువు అక్కడితో అయిపోదు, అక్కడ మొదలవుతుంది. తొమ్మిదో వంతు అంటే ఒకామెకు పెద్ద ఊరట. తమ్ముడిని చక్రాల కుర్చీలో తోస్తూ పెరిగిన ఇంకొకామెకు అదే అంకె భయం. ‘తొమ్మిదిలో ఒకటా? మా తమ్ముడూ ఆ ఒకడేగా’ అంటుంది. అంకె చెప్పి ఆగి, ఆమె మొహం చూసి, ‘ఇది వింటే మీకేమనిపిస్తోంది?’ అని అడగటం నేర్పాలి. సేమూర్ కెస్లర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త జెనెటిక్ కౌన్సెలింగులో రెండు ధోరణులను వేరుచేసి చూపించాడు. పాఠం చెప్పే ధోరణి ఒకటి, మనిషితో మాట్లాడే ధోరణి ఒకటి. చదువుకున్నవాళ్ళు జారిపోయేది ఎప్పుడూ మొదటిదాంట్లోకే. తెలిసింది చెప్పడం తేలిక, ఎదుటివాళ్ళకు ఏం తెలుసో వినడం కష్టం.

అందుకే ఆ రెండేళ్ళలో దాదాపు సగం క్లినిక్కుల్లో గడుస్తుంది. గర్భిణుల విభాగం, పిల్లల విభాగం, కేన్సర్ విభాగం తిరుగుతారు. కనీసం 50 కేసుల్లో విద్యార్థి స్వయంగా పాలుపంచుకోవాలి. మూల కూర్చుని చూసినవి ఇందులోకి రావు. పర్యవేక్షించే సీనియర్ కౌన్సెలర్ అదే గదిలో కూర్చుంటుంది, మాట్లాడదు. కుటుంబం వెళ్ళిపోయాక మొదలవుతుంది అసలు పాఠం. ‘ఆమె బిడ్డ పేరు చెప్పింది, నువ్వు మళ్ళీ ఆ పేరు పలకలేదెందుకు?’ ‘భర్త కిటికీలోంచి చూస్తున్నాడు, గమనించావా?’ ‘ఆమె ఏడవగానే నువ్వు కాగితం మీద బొమ్మ గీయడం మొదలుపెట్టావు. ఎవరికోసం గీశావు, ఆమె కోసమా నీకోసమా?’ ఇలాంటి ప్రశ్నలు. దానికి ముందే నటులను తల్లిదండ్రులుగా కూర్చోబెట్టి చెడు కబురు చెప్పడం సాధన చేయిస్తారు. మన మెడికల్ కాలేజీల్లో నేను చదువుకున్న రోజుల్లో ఇలాంటిది ఒక్కటంటే ఒక్కటి లేదు. గుండె చప్పుడు ఎలా వినాలో నేర్పారు, ఎదురుగా ఉన్న మనిషి మౌనం ఎలా వినాలో నేర్పలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆ చదువును ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడికి తెస్తే పనికొస్తుందా? చాలా భాగం వస్తుంది. కొంత భాగాన్ని మనమే రాసుకోవాలి.

మొదటిది కుటుంబ చిత్రం. కౌన్సెలర్ పని మూడు తరాల వంశవృక్షం గీయడంతో మొదలవుతుంది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారికి నలుపు నింపుతారు, దగ్గరి బంధువుల పెళ్ళికి జంట గీత. ఈ గుర్తులన్నిటికీ అమెరికా సంఘం 1995లో ఒక ప్రామాణిక పద్ధతి పెట్టింది. తెలుగింట్లో కూర్చుని ఆ చిత్రం గీయబోతే ఏమవుతుందో చూడండి. ‘మీకు అన్నదమ్ములు ఎంతమంది?’ అని అడిగితే ‘ఐదుగురం’ అంటాడు. అందులో ఇద్దరు పెదనాన్న కొడుకులు, ఒకడు పిన్ని కొడుకు. మనకు వాళ్ళూ అన్నదమ్ములే కదా. ‘మీ అమ్మ కడుపున పుట్టినవాళ్ళు ఎంతమంది?’ అని అడగాలి. పోయిన పిల్లల సంగతి అడిగినప్పుడే చెబుతారు, అదీ అత్తగారు బయటికెళ్ళాక. పసిగుడ్డుగా పోయిన బిడ్డను లెక్కలో చెప్పరు. ‘పుట్టి పోయినవాళ్ళు, నెల తప్పి నిలవనివి కూడా చెప్పండమ్మా’ అని మెత్తగా అడగాలి. ఇంకొకటి. మేనమామ మేనకోడలిని చేసుకున్నప్పుడు ఆ జంట గీత ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏటవాలుగా పోతుంది. పై తరంలోనూ మేనరికమే అయితే కాగితం మీద గీతలు చుట్టలు తిరుగుతాయి. అలాంటి చిత్రాలు పదుల్లో గీసి చేతికి అలవాటు చేసుకోని విద్యార్థి రాయలసీమలోనో పాలమూరులోనో ఓపీలో కూర్చోలేదు.

మేనరికాల మాట వచ్చింది కాబట్టి ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మీరా ఖాన్‌తో కలిసి ఆయన ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ మీద 1960లో అధ్యయనం ప్రచురించారు. అరవై ఏళ్ళు దాటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధీకుల మధ్యే.

లెక్క మళ్ళీ చూద్దాం. బావామరదళ్ళ బిడ్డలో పదహారో వంతు జన్యుస్థానాల్లో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉంటాయని అంచనా. మేనమామ, మేనకోడలు అయితే ఎనిమిదో వంతు. ఏ బంధుత్వం లేని దంపతులకు కూడా నూటికి రెండో మూడో కాన్పుల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపం ఉండొచ్చు. బావామరదళ్ళ విషయంలో దానికి అదనంగా నూటికి సుమారు 1.7 నుంచి 2.8 దాకా ఉంటుందని అమెరికా కౌన్సెలర్ల సంఘం 2002లో చెప్పింది. మేనమామ పెళ్ళిళ్ళలో అంతకన్నా ఎక్కువ. అంటే బావామరదళ్ళ దంపతుల్లో నూటికి తొంభై నాలుగో తొంభై ఐదో కాన్పులు బాగానే ఉంటాయి. ఈ అంకె రెండు పక్కలా అబద్ధాన్ని ఆపుతుంది. ‘మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలే’ అని గోడల మీద రాసేవాళ్ళనూ, ‘మా తాతల నుంచి చేసుకుంటున్నాం, ఏం కాలేదు’ అనేవాళ్ళనూ. కాకపోతే ఈ అంకె సగటు. ఇంట్లో ఇప్పటికే జబ్బున్న బిడ్డ పుట్టి ఉంటే సగటుతో పనిలేదు, ఆ జబ్బు లెక్క వేరు.

మేనరికాలను తిట్టిపోస్తే ఈ పని సాగదని నేను నమ్ముతాను. తెలిసిన ఇల్లు, అమ్మాయిని చూసుకుంటారన్న ధైర్యం, పొలం ముక్కలు కాకుండా ఉండటం, కట్నం బాధ తగ్గడం, ఇవన్నీ ఆ కుటుంబాలకు నిజమైన కారణాలే. వాటిని గౌరవించి, పెళ్ళికి ముందే రక్తపరీక్ష చేయించుకునే వీలు చూపించగల మనిషి కావాలి. బిడ్డ పోయాక వచ్చి ఉపన్యాసమిచ్చే మనిషి అక్కర్లేదు.

మొదట చెప్పిన బిడ్డ సంగతి గుర్తుందా? అలాంటి కుటుంబం ఒకటి, గుర్తులు మార్చి చెబుతున్నాను. వెన్నుపాములోని నాడీకణాలు నశించే ఎస్ఎంఏ జబ్బు. తల్లిదండ్రులు మేనకోడలు, మేనమామ. అంటే ఆ అమ్మాయికి అత్తగారూ అమ్మమ్మా ఒకరే. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒక దెబ్బతిన్న ప్రతి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఇద్దరూ వాహకులు, ఇద్దరికీ ఏ బాధా ఉండదు. ఒక్కో కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇంట్లో అందరూ తల్లినే అంటున్నారు. గర్భంతో ఉన్నప్పుడు ఏదో తినిందని, గ్రహణం నాడు బయటికొచ్చిందని. ఆ మాటలు పోవాలంటే సైన్సు చెప్పాలి. కానీ సైన్సు చెబితే ఆ జన్యువు చాలావరకు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? పై తరం నుంచి, అమ్మమ్మ నుంచో తాత నుంచో. కొడుక్కీ వచ్చింది, కూతురికీ వచ్చింది, కూతురి నుంచి మనవరాలికి వచ్చింది. ఆ పెద్దావిడ నిలబడి ‘అయితే నావల్లేనా తల్లీ?’ అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి లేచి ఆవిడను కూర్చోబెట్టి, ‘ఈ గదిలో ఉన్న మా అందరి ఒంట్లోనూ ఇలాంటివి కొన్ని ఉంటాయి పెద్దమ్మా. నాలోనూ ఉంటాయి. ఎవరూ తెచ్చుకున్నవి కావు, ఎవరూ ఇవ్వాలని ఇచ్చినవి కావు’ అంది. అది శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రతి మనిషిలోనూ ఇలాంటి నిద్రాణమైన మార్పులు కొన్ని ఉంటాయి. ఆ నిజాన్ని ఆ క్షణంలో, ఆ మాటల్లో చెప్పడానికి ఆమెకు రెండేళ్ళ చదువు పనికొచ్చింది. ఆ రోజు నుంచి కోడలిని అనడం మానేశారని తర్వాత ఆ తల్లే చెప్పింది.

ఇంకో ప్రశ్న ఉంది, మన దగ్గర ప్రతి ఓపీలోనూ వినిపించేది. ‘మీ అమ్మాయికే ఇలా అయితే మీరేం చేస్తారు డాక్టరమ్మా?’ అమెరికా పుస్తకం ప్రకారం నిర్ణయం వాళ్ళది, నేను చెప్పకూడదు. దాని వెనక ఉన్న చరిత్ర ఇందాక చెప్పాను, ఆ నియమానికి నేను కట్టుబడతాను. కానీ ఊరి నుంచి రాత్రంతా ఆర్టీసీ బస్సులో వచ్చిన దంపతులతో ‘అది మీ ఇష్టం’ అని ఊరుకుంటే, వాళ్ళకు అది స్వేచ్ఛలా వినపడదు. చేతులు దులుపుకున్నట్టు వినపడుతుంది. 2007లో అమెరికన్ శిక్షకులే ఒక కొత్త నమూనా రాస్తూ, కౌన్సెలర్‌కూ కుటుంబానికీ మధ్య ఏర్పడే సంబంధమే ఈ పనికి ఆధారమన్నారు. దాన్ని మన పద్ధతిలో నేర్పాలి. ‘మీకు ఏది ఎక్కువ భయంగా ఉంది?’ ‘ఇంట్లో ఎవరి మాట మీకు ధైర్యం?’ ‘ఇదివరకు ఇలాంటి కష్టమొస్తే ఎలా తేల్చుకున్నారు?’ అని అడుగుతూ పోతే, చాలామంది తమకు తెలిసిన జవాబు దగ్గరికే చేరుకుంటారు. అమ్మాయితో విడిగా మాట్లాడే పది నిమిషాలు సంపాదించడం కూడా నేర్పాలి. అత్తగారు, మామగారు, ఆడపడుచు కూర్చున్న గదిలో ఆమె నోరు విప్పదు. అలాగని వాళ్ళను అవమానించి బయటికి పంపితే, రేపు పరీక్షకు డబ్బిచ్చేదీ వాళ్ళే. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే, పుట్టుకతో వచ్చేవి కావు.

కౌన్సెలింగ్ సరిగ్గా లేకపోతే పరీక్ష ఎంత హాని చేయగలదో గ్రీసులో తేలింది. ఆర్కోమెనోస్ అనే ఊళ్ళో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకులు చాలా ఎక్కువ. అందరికీ పరీక్ష చేసి, వాహకులు వాహకులను చేసుకోవద్దని చెప్పారు. ఆ ప్రయత్నం ఎలా ముగిసిందో 1974లో ప్రచురించారు. వాహకులన్న ముద్ర పడ్డవాళ్ళకు సంబంధాలు తప్పిపోయాయి. కుటుంబాలు రిపోర్టులు దాచాయి. చివరికి వాహకుల మధ్య పెళ్ళిళ్ళు ఏ పరీక్షా లేకపోతే ఎన్ని జరిగేవో అన్నే జరిగాయి.

మన దేశంలో 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 2047 లక్ష్యం. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది సంకల్పం. ఫలితం రాసిన కార్డులు ఇస్తున్నారు, పెళ్ళికి ముందు చూసుకోమని. మంచి పని. పాడేరు ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్ గూడేల్లోనూ ఆ కార్డు అందుకున్న ఇరవై ఏళ్ళ అమ్మాయికి దాని అర్థం ఎవరు చెబుతున్నారు? ఆశా కార్యకర్త చెబుతోంది, ఏఎన్ఎం చెబుతోంది. వాళ్ళకు ఉన్న పనులు వాళ్ళకు ఉన్నాయి. వాహకురాలు అంటే జబ్బు మనిషి కాదని, ఆమె పెళ్ళికి పనికిరానిది కాదని, ఇద్దరూ వాహకులైనప్పుడే నాలుగింట ఒక అవకాశమని, అప్పుడు కూడా దారులున్నాయని గోండిలోనో, కొలామిలోనో, కువిలోనో చెప్పాలి. ఆ భాషల పిల్లలే ఈ చదువు చదవాలి. ఆర్కోమెనోస్ ఇక్కడ మళ్ళీ జరగకూడదంటే నాకు వేరే దారి కనపడటం లేదు.

చట్టం ఏమంటోంది? 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ‘జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్’ రిజిస్టరు చేసుకోవాలి. ఆ సెంటర్ పెట్టడానికి వైద్య జన్యుశాస్త్రవేత్త అయినా ఉండాలి, లేదా ఆరు నెలల అనుభవమో, నాలుగు వారాల శిక్షణో ఉన్న గైనకాలజిస్టు లేదా పిల్లల డాక్టరు ఉండాలి. నాలుగు వారాలు. మూడు దశాబ్దాల కిందట, పరీక్షలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినప్పుడు రాసిన నిబంధన అది. ఇవాళ ఒక్క రక్తపు చుక్కతో వేల జన్యువులు చదువుతున్నారు. నాలుగు వారాల్లో ఆ రిపోర్టు చదవడమే రాదు, దాన్ని తల్లికి చెప్పడం మాట అటుంచండి. డాక్టరు కాకుండా ఎమ్మెస్సీ చేసిన జెనెటిక్ కౌన్సెలర్‌ను ఆ నిబంధన పేరు పెట్టి గుర్తించదు. దాన్ని మార్చమని అడగాలి.

హైదరాబాదుకు ఈ విషయంలో పునాది లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో బేగంపేటలోని జన్యువ్యాధుల ఆసుపత్రి దశాబ్దాలుగా ఉంది. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగముంది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రాన్నీ నిమ్స్‌నూ కలిపి అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద ఒక కేంద్రంగా గుర్తించారు. 1998లో మొదలైన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ రక్తం ఎక్కించుకునే పిల్లల తల్లిదండ్రులకు ఆసరాగా నిలబడింది. శాస్త్రం ఉంది, ల్యాబులు ఉన్నాయి, జబ్బున్న కుటుంబాలు ఉన్నాయి. బయోటెక్నాలజీ చదివి ఉద్యోగం దొరక్క కోడింగు నేర్చుకుంటున్న తెలివైన పిల్లలు వేలల్లో ఉన్నారు. కానీ తెలుగులో క్లినిక్కు నడిపే రెండేళ్ళ కోర్సులు గానీ, ఆ కోర్సు చదివినవాళ్ళకు ప్రభుత్వాసుపత్రిలో పోస్టులు గానీ నాకు కనపడలేదు. ఇప్పుడు ఈ పనిలో ఉన్న కొద్దిమందిలో చాలామందికి జీతమిచ్చేది పరీక్షలు అమ్మే ల్యాబులే. వాళ్ళ నిజాయితీని నేను శంకించను. కానీ పరీక్ష చేయించుకోవాలా వద్దా అని కుటుంబం అడిగినప్పుడు, వద్దు అని చెప్పగలిగే చోట వాళ్ళు కూర్చోవాలి. ఆ చోటు బోధనాసుపత్రి.

కోర్సు పాఠాలు ఇంగ్లీషులో ఉండొచ్చు, పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. కేసుల చర్చ, నటులతో సాధన, పరీక్షలో కుటుంబంతో మాట్లాడే భాగం తెలుగులో జరగాలి, కుదిరినచోట ఉర్దూలోనూ, గిరిజన భాషల్లోనూ. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో మన తెలుగు గర్భిణి అక్కడి కౌన్సెలర్ ముందు కూర్చున్నప్పుడు భర్తే దుబాసీ అవుతున్నాడు. ఆమె అడిగింది ఒకటి, అతను చెప్పింది ఒకటి అవుతుంది. ఇక్కడ తయారైన పాఠ్యసామగ్రి అక్కడి దుబాసీలకు కూడా పనికొస్తుంది. అక్కడ ఈ చదువు చదువుతున్న తెలుగు పిల్లలు సెలవుల్లో వచ్చి మన ఓపీల్లో కూర్చుంటే ఇద్దరికీ లాభం.

నిధి కమిటీకి ఒక మనవి. ఏటా ఈ ఉపన్యాసం కోసం హాలుకు, శాలువాకు, భోజనాలకు అయ్యే ఖర్చు నాకు తెలుసు. వచ్చే ఏడు నుంచి వడ్డీలో ఎక్కువ భాగం ఒక విద్యార్థికి ఇవ్వండి. జెనెటిక్ కౌన్సెలింగ్ రెండో ఏడాదిలో ఉన్న అబ్బాయో అమ్మాయో పాడేరులోనో ఉట్నూరులోనో మూడు నెలలు ఉండటానికి గది అద్దె, భోజనం, బస్సు చార్జీలు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో సికిల్ సెల్ కార్డు అందుకున్న కుటుంబాలతో మాట్లాడాలి, వంశవృక్షాలు గీయాలి, పర్యవేక్షించే డాక్టరు వారానికోసారి వెళ్ళి ఆ కేసులు చర్చించాలి. మొదటి రెండేళ్ళు ఆ పర్యవేక్షణ నేనే చేస్తాను, దానికి డబ్బు అక్కర్లేదు. అర్హతలు, దరఖాస్తు పద్ధతి రాసిన కాగితం కార్యదర్శిగారికి ఇచ్చాను. సభలో ఉన్న అధ్యాపకులు తమ విద్యార్థుల పేర్లు ఈ నెలాఖరులోగా ఆయనకు పంపండి.